రోదసిలో తోడు

రాయదలచుకున్న విషయం ఒకటి ఉంది కాని, దానిని రాయడం సబబేనా అన్న శంక ఇన్నాళ్ళూ చెయ్యి ఆపింది. ఆ శంక పెట్టినవాడు నా బాల్యమిత్రుడు. మన్యంలో ఒక ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో వైద్యుడు. రోదసి యాత్రలలో కావలసిన మందును కావలసినప్పుడు అక్కడికక్కడే తయారు చేసుకునే యంత్రాలను గురించి చదివి, ఆ ఉత్సాహంలో వాడికి ఫోను చేసి అరగంట చెప్పాను. వాడు ఓపికగా విని, "ఏరా, పాముకాటుకి మందు వేళకి అందక మనుషులు పోతున్న దేశంలో కూర్చుని, అంగారకుడి మీద మందుల కొట్టు పెట్టిస్తావా?" అన్నాడు.

ఆ పూట నాకు జవాబు తోచలేదు. వాడన్నది ఎత్తిపొడుపే అయినా అబద్ధం కాదు. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది, అంటే ఏడాదికి సగటున 58,000 మంది, మరణించారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం లెక్క కట్టింది. అటువంటి లెక్క ఎదురుగా పెట్టుకుని అంగారకుడి ఊసెత్తడానికి కొంత ధైర్యం కావాలి. ఆలోచించగా ఆలోచించగా నాకు తోచిన జవాబు ఈ టపా. జవాబు పూర్తిగా నా పక్షాన లేదని ముందే ఒప్పుకుంటున్నాను.

ముందు పేరు సంగతి తేల్చుకుందాం. ఇంగ్లీషులో బయొలాజిక్స్ అనే మందులను తెలుగులో ఏమనాలి? నేను ఇక్కడ 'జీవౌషధాలు' అని వాడుతున్నాను. ఇంతకంటె చక్కని మాట తోచినవారు వ్యాఖ్యలో రాస్తే సంతోషంగా మార్చుకుంటాను.

మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ చాలా చిన్న అణువు. అందులో ఉన్నవి 20 పరమాణువులు. రసాయన కర్మాగారంలో పదార్థాలను కలిపి, కాచి, వడగట్టి దానిని చేస్తారు. ఒక విధంగా వంట. ఇన్సులిన్ అలాంటిది కాదు. అది ఒక ప్రోటీను. 51 అమినో ఆమ్లాలు ఒక నిర్ణీత వరుసలో పేర్చుకుని, మడతలు పడి, అతుక్కుంటే ఏర్పడేది. మొత్తం 788 పరమాణువులు. ఆ వరుసలో గాని, మడతలో గాని తేడా వస్తే అది ఇన్సులిన్ కాదు. ఇంత నేర్పుగా పేర్చగల పనివాడు ప్రకృతిలో ఒకడే, జీవకణం. కనుక జీవకణం చేత చేయించుకోవడమే తేలిక. ఇది వంట కాదు, పెరుగుకు తోడు పెట్టడం. పాలు మనవి, వెచ్చదనం మనది. పని చేసేది మాత్రం తోడులో ఉన్న సూక్ష్మజీవి.

1921లో టొరాంటోలో ఇన్సులిన్‌ను కనుగొన్న తరువాత అరవై ఏళ్ళపాటు దానిని కబేళాలలో దొరికే పశువుల, పందుల క్లోమగ్రంథుల నుంచే తీశారు. మానవ ఇన్సులిన్‌కు సంబంధించిన జన్యుసందేశాన్ని ఒక బాక్టీరియాలో పెట్టి, దానిచేత ఇన్సులిన్ చేయించడం 1978లో సాధ్యమైంది. 1982లో అది అమెరికా అంగడిలోకి వచ్చింది. ఈ పద్ధతిలో తయారై మనుషులకు వాడుకలోకి వచ్చిన మొదటి మందు అదే. నేడు కాన్సరు చికిత్సలో, కీళ్ళవాతంలో, రక్తం గడ్డకట్టని జబ్బులో వాడే ఖరీదైన ఇంజెక్షన్లలో చాలా భాగం ఈ కోవలోవే.

ఈ మందులకు ఉన్న పెద్ద జబ్బు సున్నితత్వం. చాలావాటిని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. గడ్డ కట్టినా చెడతాయి, ఎండ తగిలినా చెడతాయి. చెడిన సంగతి చాలాసార్లు చూపుకు తెలియదు.

ఇప్పుడు రోదసికి వెళదాం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన తల మీద దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది. అక్కడ మందుల పెట్టె ఉంది. అయిపోతే సరుకుల నౌక తెస్తుంది. మరీ ప్రమాదమైతే మనిషినే కొన్ని గంటల్లో కిందికి దింపవచ్చు. అంగారకుడి సంగతి వేరు. వెళ్ళడానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు. భూమి, అంగారకుడు అనువైన స్థానాలకు రావడం దాదాపు 26 నెలలకు ఒకసారి. అందుచేత పోయి, ఉండి, తిరిగి రావడానికి మొత్తం మూడేళ్ళు. మధ్యలో వెనుదిరగడం ఉండదు. భూమి మీది వైద్యుణ్ణి ఒక మాట అడగాలన్నా, ఆ మాట చేరడానికి 3 నుంచి 22 నిమిషాలు, జవాబు రావడానికి మళ్ళీ అంత.

మూడేళ్ళకు సరిపడా మందులు మూట కట్టుకుని పోవచ్చు గదా అనిపిస్తుంది. 2024లో అమెరికా పరిశోధకులు ఆ లెక్కే చూశారు. అంతరిక్ష కేంద్రంలో వాడే మందుల జాబితాలో 91 మందుల గడువులను వెతికి చూస్తే, వాటిలో 54 మందుల గడువు 36 నెలలు గాని అంతకు తక్కువ గాని ఉన్నట్టు తేలింది. అంటే సగానికి పైగా మందులు యాత్రికుడు ఇల్లు చేరేలోగానే కాలం చెల్లిపోతాయి. గడువు దాటిన ప్రతి మందూ విషమైపోదు, నిజమే. కాని ఎంత బలం మిగిలిందో తెలియని మందుతో ప్రాణాపాయాన్ని ఎదుర్కోమనడం న్యాయం కాదు. పైగా ఏ జబ్బు వస్తుందో ముందే తెలియదు. నూరు జబ్బులకు నూరు మందులు మోసుకుపోతే అందులో తొంభై అయిదు వాడకుండానే పాడవుతాయి. వాడవలసి వచ్చిన అయిదూ చాలకపోవచ్చు.

ఇది ఊహ కాదు. అంతరిక్ష కేంద్రంలో ఒక వ్యోమగామి మెడలోని సిరలో రక్తం గడ్డకట్టిన సంగతి 2020 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో వచ్చింది. ఆరు నెలల యాత్రలో రెండు నెలలు గడిచాక, వేరే పరిశోధన కోసం అల్ట్రాసౌండ్ తీస్తుండగా అది బయటపడింది. ఆ వ్యోమగామి ఎవరో చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ లేదు. పెట్టెలో ఇనాక్సపారిన్ అనే ఇంజెక్షను మందు 20 బుడ్లు ఉన్నాయి. ఇదీ జీవుల నుంచి వచ్చే మందే. పంది పేగుల నుంచి తీసిన హెపారిన్‌తో చేస్తారు. మామూలు మోతాదులో వాడితే సరుకుల నౌక వచ్చేలోగా మందు అయిపోతుంది. అందుచేత 33 రోజుల తరువాత వైద్యులు మోతాదును శరీరబరువు కిలోకు 1.5 మిల్లీగ్రాముల నుంచి 1 మిల్లీగ్రాముకు తగ్గించారు. నౌకలో మాత్రల మందు వచ్చింది. మనిషి క్షేమంగా దిగాడు, లేక దిగింది.

ఆ వాక్యం దగ్గర నేను చదవడం ఆపేశాను. కారణం చెప్పడానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మాది గోదావరి లంక. 1986 ఆగస్టు వరద సంగతి ఆ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు పారిన వరద అది. నాకప్పుడు పద్నాలుగేళ్ళు, మా చెల్లికి తొమ్మిది. చెల్లికి అంతకు ముందు సంవత్సరమే చక్కెర వ్యాధి అని తేలింది. పెద్దవాళ్ళకు వచ్చే రకం కాదు. ఇన్సులిన్ లేకపోతే రోజులు కూడా గడవని రకం. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. అమ్మ ఒక చిన్న మట్టి ముంతలో ఇసుక పోసి, తడిపి, దానిలో ఇంకో ముంత దింపి, అందులో ఇన్సులిన్ బుడ్డి పెట్టి, తడిగుడ్డ కప్పేది. రోజుకు రెండుసార్లు గుడ్డ తడపడం నా పని.

వరద ఇంట్లోకి వచ్చిన రాత్రి మమ్మల్ని ఎత్తుకుని బడి డాబా మీదికి చేర్చారు. అమ్మ మిగతావన్నీ వదిలేసి ముంత మాత్రం తెచ్చింది. అందులో ఉన్న బుడ్డి సగానికి తక్కువ. కొత్త బుడ్డి కొనడానికి నాన్న అమలాపురం వెళ్ళి అక్కడే చిక్కుకుపోయారు. పడవ ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. మర్నాడు పొద్దున్న అమ్మ సిరంజిలోకి మందు తీసి, గీతల వంక చాలాసేపు చూసి, కొంత తిరిగి బుడ్డిలోకి నెట్టేసింది. సగమే ఇచ్చింది. ఆ తరువాత రోజూ అంతే. ఎంత తగ్గిస్తే పిల్ల బతుకుతుందో, ఎన్నాళ్ళు సాగదీయాలో చెప్పే వైద్యుడు అక్కడ లేడు. నాలుగో రోజుకు చెల్లి ఊపిరిలో బాగా మగ్గిన పండు వాసన వచ్చింది. ఆ వాసన మంచిది కాదని నాకప్పుడు తెలియదు. అమ్మకు తెలుసు. అయిదో రోజు మధ్యాహ్నం పడవ వచ్చింది. ఆ పడవలో చెల్లి ఆసుపత్రికి చేరింది. ఈనాడు ఆమెకు ఇద్దరు పిల్లలు.

అంతరిక్ష కేంద్రానికీ, మా లంక బడి డాబాకూ పోలిక ఏమిటని ఎవరైనా నవ్వవచ్చు. కాని రెండుచోట్లా జరిగింది ఒకటే. పడవ వచ్చేదాకా సాగాలని మోతాదు తగ్గించారు. ఒకచోట భూమి మీది నిపుణులందరూ కలిసి లెక్క కట్టారు. ఇంకొకచోట అయిదో తరగతి చదివిన తల్లి కంటితో లెక్క కట్టింది. మందు చేరని చోటు ఎక్కడున్నా ఒకే దేశం. దానికి ఆకాశంలో ఒక జిల్లా, గోదావరిలో ఒక జిల్లా.

ఇక యంత్రాల సంగతి. నాసా 2019లో బయోన్యూట్రియెంట్స్ అనే అయిదేళ్ళ ప్రయోగాన్ని అంతరిక్ష కేంద్రానికి పంపింది. ఒక చిన్న సంచిలో ఎండబెట్టిన ఈస్టు, దానికి కావలసిన ఆహారం పొడిగా ఉంటాయి. ఆ ఈస్టుకు కంటికి మేలు చేసే కెరొటినాయిడ్ పదార్థాలను తయారు చేసే జన్యువులు అమర్చి ఉన్నాయి. వ్యోమగామి సంచిలో నీళ్ళు ఎక్కించి, కలిపి, 48 గంటలు వెచ్చగా ఉంచాలి. ఎన్ని నెలలు నిలవ ఉన్నా ఆ ఈస్టు నిద్ర లేచి పని చేస్తుందా అన్నది ప్రశ్న. 2022లో పంపిన రెండో విడతలో పెరుగు, కెఫిర్ కూడా చేరాయి. పైన నేను తోడు అన్నది అలంకారానికి కాదు. నిజంగానే రోదసిలో పెరుగు తోడు పెట్టారు.

మందుల విషయంలో భూమి మీద జరిగిన పని మరింత ముందుంది. 2018లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ, అంటే ఎమ్ఐటీ పరిశోధకులు బల్ల మీద పట్టే యంత్రం ఒకటి చేశారు. ఒక పక్క ఈస్టు పెరుగుతుంది, మధ్యలో అది విడిచిన ప్రోటీను శుద్ధి అవుతుంది, చివర మందు తయారవుతుంది. మూడు రోజుల్లో వందల నుంచి వేల మోతాదులు. ఒకే యంత్రంలో ఈస్టును మార్చి మానవ పెరుగుదల హార్మోను, ఇంటర్‌ఫెరాన్, తెల్ల రక్తకణాలను పెంచే జీ-సీఎస్ఎఫ్ అనే మూడు వేర్వేరు మందులు చేసి చూపారు. అదే ఏడాది మేరీలాండ్ విశ్వవిద్యాలయపు బాల్టిమోర్ కౌంటీ శాఖలో గోవింద్ రావు బృందం ఇంకో దారి తొక్కింది. వారు బతికున్న కణాన్ని వాడలేదు. చైనా చిట్టెలుక కణాలను పగులగొట్టి, లోపలి రసాన్ని ఎండబెట్టి పొడి చేసి దాచారు. ఆ పొడికి నీరు, కావలసిన మందు తాలూకు డీఎన్ఏ చేర్చితే ఆ రసమే ప్రోటీను పేర్చుతుంది. పెట్టె పట్టుకుపోయేంత యంత్రంలో, 24 గంటల లోపు మందు.

పై జాబితాలోని జీ-సీఎస్ఎఫ్‌ను గమనించండి. తీవ్రమైన వికిరణం తగిలి మూలుగ దెబ్బతిన్నవారికి ఈ మందు వాడడానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లో అనుమతించింది. సౌర తుఫానుకు చిక్కగల యాత్రికులకు ఇది పనికివచ్చేదే. ఎముకల సంగతీ అంతే. బరువు తెలియని చోట ఎముకల సాంద్రత నెలకు ఒక శాతం నుంచి ఒకటిన్నర శాతం వరకు తరుగుతుంది. ఎముకను కట్టే టెరిపారటైడ్ అనే ఇంజెక్షను కూడా జీవకణం చేత చేయించేదే. అన్ని మందులూ మోసుకుపోయే బదులు అన్ని మందుల 'తోడు' ఎండబెట్టి మోసుకుపోవడమన్నమాట. చిటికెడు పొడిలో నూరు మందుల విత్తనాలు.

ఇంతవరకు విన్నవారికి సమస్య తీరినట్టే కనిపిస్తుంది. పత్రికల్లో వచ్చే వార్తలు సాధారణంగా ఇక్కడే ఆగుతాయి. నా అభిప్రాయం ఇక్కడ మొదలవుతుంది.

మందు చేయడం ఇప్పుడు కష్టమైన భాగం కాదు. చేసింది మందేనని నమ్మడం కష్టమైన భాగం. ఈస్టు మనం అడిగిన ప్రోటీనుతో పాటు తన సొంత సరుకూ వదులుతుంది. బాక్టీరియాను వాడితే దాని గోడల నుంచి వచ్చే విషపదార్థం అణుమాత్రం రక్తంలోకి పోయినా జ్వరం, వణుకు, ప్రాణాపాయం. పెరుగు పులిసిపోతే పారబోస్తాం. నరంలోకి ఎక్కిన మందును వెనక్కి తీయలేం. కర్మాగారంలో ఒక్కొక్క విడత మందునూ వరుస పరీక్షలకు పెట్టి, కాగితాలు నింపి, సంతకాలు అయ్యాకే బయటికి వదులుతారు. రోదసి నౌకలో ఆ పరీక్షలు చేసేదెవరు? పైగా అక్కడ ద్రవాలు మనకు తెలిసినట్టు ప్రవర్తించవు. బుడగలు పైకి తేలవు, మడ్డి అడుక్కు దిగదు. 2010లో అంతరిక్ష కేంద్రంలో తాగునీటి నుంచి నరాలకు ఎక్కించే సెలైన్ తయారు చేసి చూశారు. ఉప్పునీటికే ఒక ప్రత్యేక ప్రయోగం అవసరమైందంటే ప్రోటీను సంగతి ఊహించుకోవచ్చు. బయోన్యూట్రియెంట్స్ సంచులను కూడా వెచ్చబెట్టిన తరువాత గడ్డ కట్టించి భూమికి పంపింది పరీక్షల కోసమే. పెరుగు తోడుకున్నదా లేదా అన్నది అక్కడే తెలిసింది. తినవచ్చునా అన్న తీర్పు మాత్రం కిందే జరిగింది.

నమ్మకం ఎంత ఖరీదైనదో చెప్పే నిజజీవిత కథ ఒకటి ఉంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఎవా సాక్సల్ అనే చెకొస్లొవేకియా యూదు యువతి భర్తతో షాంఘైకి శరణార్థిగా చేరింది. అక్కడ ఆమెకు చక్కెర వ్యాధి బయటపడింది. 1941 డిసెంబరు తరువాత నగరం పూర్తిగా జపాను చేతికి చిక్కి, ఇన్సులిన్ దొరకకుండా పోయింది. భార్యాభర్తలిద్దరూ ఒక వైద్యగ్రంథంలో ఇన్సులిన్ తీసే పద్ధతి చదివి, ఒకరు ఇచ్చిన ప్రయోగశాలలో నీటిగేదెల క్లోమగ్రంథుల నుంచి దానిని తీయడం మొదలుపెట్టారు. వచ్చింది గోధుమరంగు ద్రవం. కుందేళ్ళ మీద పరీక్షించారు. ఆ తరువాత మనిషి మీద పరీక్ష ఎవరి మీద? ఎవా తన మీదనే చేసుకుంది. పని చేసింది. ఆ మందుతో అక్కడి ఇతర రోగులనూ కాపాడారు. కావలసినప్పుడు కావలసిన చోట జీవౌషధం చేసుకోవడం అన్న ఆలోచనకు ఆ దంపతులను మించిన పూర్వులు నాకు కనబడరు. కాని అంగారక యాత్రికుణ్ణి కూడా "నీ మీద నువ్వే పరీక్షించుకో" అని పంపితే, ఇన్నేళ్ళ విజ్ఞానం సాధించినదేమిటి?

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. యంత్రం నమ్మదగినదని రుజువు కావాలంటే దానిని అనేకసార్లు వాడాలి. వందసార్లు చేసి, వందసార్లూ సరిగా వచ్చిందని చూడాలి. నౌకలో ఉండేది నలుగురు. మూడేళ్ళలో ఒక మందు ఒకసారి అవసరమవుతుందో లేదో. ఎన్ని యాత్రలు చేసినా ఆ యంత్రం మీద నమ్మకం పెరగదు. అది పెరిగేది రోజూ రోగులు వచ్చే చోటనే. అంటే భూమి మీద, మందు అవసరం నిత్యం ఉండి, సరఫరా అనిత్యంగా ఉండే చోట.

సాధారణంగా ఈ వాదన తలకిందులుగా వినిపిస్తుంది. రోదసి కోసం చేసినది ఏనాటికో పల్లెకు పనికివస్తుంది, ఓపిక పట్టండి అంటారు. మా మిత్రుడికి ఒళ్ళు మండేది ఆ మాటకే. వాడి కోపం న్యాయమైనదే. నేననేది వేరు. ఈ యంత్రం విషయంలో పల్లెకు రోదసి అవసరమైనదానికంటె రోదసికే పల్లె ఎక్కువ అవసరం. తక్కువ కరెంటు, ఫ్రిజ్ లేకపోవడం, నిపుణుడు లేకపోవడం, పడవ ఎప్పుడొస్తుందో తెలియకపోవడం. నౌకకు ఉన్న షరతులన్నీ మన్యానికీ ఉన్నాయి. అక్కడ నెగ్గని యంత్రం అంగారకుడి దారిలో నెగ్గదు.

దీనిని మన దేశమే చేపట్టాలని నా కోరిక. అత్యాశ కాదని చెప్పడానికి ఒక ఉదాహరణ. హైదరాబాదులో వరప్రసాద్ రెడ్డి 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకాను విడుదల చేసింది. జన్యుసంయోజన పద్ధతిలో మన దేశంలో తయారైన మొదటి టీకా అది. దిగుమతి టీకా ధరలో చిన్న వంతుకే దొరకడంతో సామాన్యుడికి అందింది. ఆయన చదివింది ఎలక్ట్రానిక్స్. ఆ టీకాను చేసిపెట్టిన జీవి పికియా పాస్టోరిస్ అనే ఈస్టు. ఎమ్ఐటీ వారి బల్ల మీది యంత్రంలో పని చేసిందీ అదే ఈస్టు! ఆ జీవితో మనవాళ్ళకు దాదాపు ముప్ఫై ఏళ్ళ పరిచయం. హైదరాబాదు శివార్లలోని జీనోమ్ వ్యాలీలో దానిని పెంచడం, శుద్ధి చేయడం వృత్తిగా తెలిసినవారున్నారు. రాకెట్లు ఎగిరేది శ్రీహరికోట నుంచి. 2025లో శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రంలో పెసలు, మెంతులు మొలకెత్తించి వచ్చారు. 2035 నాటికి సొంత అంతరిక్ష కేంద్రం, 2040 నాటికి చంద్రుడి మీద మన మనిషి అని ప్రభుత్వం లక్ష్యాలు ప్రకటించింది. ఆ కేంద్రంలో పెట్టబోయే మందుల యంత్రాన్ని ముందుగా మన ఆసుపత్రులలో పదేళ్ళు నడిపి చూస్తే, అది ఎగిరే రోజుకు దాని గుణదోషాలు మనకు పూర్తిగా తెలిసి ఉంటాయి.

ఇది చదివి మా మిత్రుడు వెంటనే అడగబోయేది నాకు తెలుసు: "అంటే మా గిరిజనులు నీ వ్యోమగాములకు ప్రయోగశాల ఎలుకలా?" కానే కారు. మొదటి సంవత్సరాలు ఆ యంత్రం మందు ఎవరికీ ఇవ్వనక్కరలేదు. మన్యపు వేడిలో, మన్యపు కరెంటుతో, అక్కడి సిబ్బంది చేతుల మీదుగా మందు తయారు కావాలి. అది కర్మాగారపు మందుతో సమానమో కాదో పెద్ద ప్రయోగశాలలో తేలాలి. మనుషులకు వాడే రోజు వచ్చినప్పుడు ముందు నగరాల్లో, అన్ని వసతులూ ఉన్న ఆసుపత్రుల్లో, అడిగి, ఒప్పించి వాడాలి. చట్టం కూడా మారాలి. ఇప్పుడు అనుమతి దొరికేది ఒక కర్మాగారానికి, అక్కడ తయారైన మందుకు. నూరు చోట్ల నూరు యంత్రాలు ఉన్నప్పుడు ఆ పరీక్ష యంత్రంలోనే ఇమిడి ఉండాలి, ఫలితం దూరాన ఉన్న నిపుణుడు చూడగలగాలి. తన సరుకు బాగాలేదని తానే చెప్పి పారబోసే యంత్రం కావాలి. మందు చేసే యంత్రం కంటె అది కష్టం. డబ్బు పెట్టవలసింది దాని మీద.

ఒప్పుకోవలసినవి కూడా ఒప్పుకుంటాను. ఎక్కువమందికి నిత్యం కావలసిన మందును పెద్ద కర్మాగారంలో చేయడమే చవక. ఊరూరా ఇన్సులిన్ యంత్రం పెట్టడం తెలివితక్కువ. ఈ యంత్రాలకు చోటు ఉన్నది వరద, యుద్ధం, మంచు దారులు మూసినప్పుడు. లేదా దేశం మొత్తం మీద కొద్దిమందికే ఉన్న అరుదైన జబ్బుకు ఏ కంపెనీ మందు చేయనప్పుడు. పాముకాటు మందు సంగతి మరీ వేరు. దానిని ఇప్పటికీ గుర్రాల రక్తం నుంచే తీస్తున్నారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటి విషాలకూ కలిపి ఒకే మందు. అది ఫ్రిజ్ అక్కరలేని పొడి రూపంలో మన దగ్గర ఎప్పటినుంచో దొరుకుతోంది. అయినా మనుషులు పోతున్నారంటే తప్పు మందు రూపంలో లేదు. రోడ్డు లేకపోవడంలో, మంత్రగాడి దగ్గర పోయిన గంటల్లో, ఇవ్వడానికి వైద్యుడు లేని పోస్టులో ఉంది. వాటిని ఏ యంత్రమూ బాగుచేయదు. ఆ మేరకు మా మిత్రుడిదే గెలుపు.

కాని మా అమ్మ డాబా మీద సిరంజి గీతల వంక చూసిన ఆ పొద్దు నాకు మరపు రాదు. ఆ రోజు రోడ్డు వేసి లాభం లేదు, పోస్టు నింపి లాభం లేదు, అంతా నీళ్ళు. ఆమె చేతిలో పొడి ఉన్న ఒక సంచి, కొంచెం శుభ్రమైన నీరు, నమ్మదగిన ఒక యంత్రం ఉంటే చాలు. అటువంటి రోజులు ఏ ఊరికైనా వస్తాయి. అంగారకుడికి పోయేవారికి మూడేళ్ళూ అటువంటి రోజులే.

ఈ టపా ప్రచురించే ముందు మా మిత్రుడికి చదివి వినిపించాను. చివరిదాకా విని, "సరే, నీ యంత్రం వచ్చినప్పుడు చూద్దాం. ఈలోగా మా కేంద్రంలో ఫ్రిజ్ పాడై పది రోజులయింది, ఎవరికి చెప్పాలో కనుక్కో" అన్నాడు. కనుక్కునే పనిలో ఉన్నాను. ఆ ఫ్రిజ్ సంగతి తెలిసినవారు గాని, 'జీవౌషధం' కంటె మంచి మాట తెలిసినవారు గాని వ్యాఖ్య రాయండి. మొదటిదానికి తొందర ఎక్కువ.